అనుమానం ఎవరిమీద? పఠనబృందానికి డిటెక్టివ్ నవలల ఎంపిక: ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

డిటెక్టివ్ నవలను కాలక్షేప సాహిత్యంగా భావించి పాఠ్యప్రణాళికలకు, పరిశోధనాంశాలకు దూరంగా ఉంచడం మన విశ్వవిద్యాలయాలలో చాలాకాలంగా కొనసాగుతున్న అలవాటు. ఒక పఠనబృందం కలిసి చదవడానికి ఈ ప్రక్రియలోని క్లాసిక్ రచనలను ఎంచుకోవలసి వచ్చినప్పుడు ఏ ప్రమాణాలను పాటించాలి అన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న. హైదరాబాదు తూర్పు శివారులోని ఉప్పల్, నాచారం ప్రాంతాలకు చెందిన ఒక చిన్న పఠనబృందం అనుభవం దీనికి ఆధారం. పునఃపఠన యోగ్యత, ఆధారాల విషయంలో పాఠకునిపట్ల నిజాయితీ, పాఠకుని అనుమానాన్ని అతనికే చూపించగల శక్తి అనే మూడు ప్రమాణాలను ప్రతిపాదించి, వాటి వెలుగులో ఆరు రచనల క్రమాన్ని ఈ వ్యాసం సూచిస్తుంది.

కీలకపదాలు: అపరాధ పరిశోధన, డిటెక్టివ్ నవల, పఠనబృందం, క్లాసిక్, ధ్వని, అనుమానం, కొమ్మూరి, ఆరుద్ర, ఉప్పల్, నాచారం.

1. ఉపోద్ఘాతం:

ఉప్పల్, నాచారం పేర్లు చెప్పగానే హైదరాబాదు వాసులకు మొదట గుర్తుకు వచ్చేవి పారిశ్రామికవాడలు. వాటికి తోడు ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా, హబ్సిగూడలో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, నాచారంలో ఎన్.టి. రామారావు నెలకొల్పిన స్టూడియో ఈ ప్రాంతానికి భిన్నమైన మనుషులను తీసుకువచ్చాయి. వివిధ జిల్లాలనుంచి ఉద్యోగాలకోసం వచ్చినవారు ఇక్కడి కాలనీలలో స్థిరపడ్డారు. 2017లో మెట్రో రైలు వచ్చాక అపార్టుమెంట్లు మరింత పెరిగాయి. పక్క ఫ్లాటులో ఉన్నవారి ఊరు, పేరు, వృత్తి తెలియకుండానే ఏళ్లు గడిచిపోయే జీవితం ఇది.

ఇక్కడ నెలకొకసారి సమావేశమయ్యే ఒక పఠనబృందంలో ఈ వ్యాసకర్త సభ్యత్వం కలిగి ఉన్నారు. కళాశాల అధ్యాపకులు, ఇద్దరు పరిశోధక విద్యార్థులు, గృహిణులు, పరిశ్రమలలో పనిచేసి విరమించినవారు ఇందులో ఉన్నారు. ఆరు నెలలపాటు డిటెక్టివ్ నవలలే చదవాలని నిర్ణయించిన రోజున మూడు అభ్యంతరాలు వచ్చాయి. హంతకుడు ఎవరో తెలిశాక మళ్లీ చదవవలసింది ఏముంటుంది అన్నది మొదటిది. ఈ ప్రక్రియలో క్లాసిక్‌లన్నీ ఆంగ్లంలోనే ఉన్నాయి, తెలుగులో ఉన్నవి అనుకరణలే అన్నది రెండవది. హత్యలు, దొంగతనాల కథలను నలుగురు కూర్చుని చర్చించడంవల్ల ప్రయోజనం ఏమిటి అన్నది మూడవది. ఈ మూడింటికీ జవాబు వెతకడమే ఎంపిక ప్రమాణాలను నిర్ణయించడం అవుతుంది.

2. పేరులోని భేదం:

తెలుగులో ఈ ప్రక్రియకు రెండు పేర్లు వాడుకలో ఉన్నాయి. ఇరవయ్యో శతాబ్ది తొలి దశాబ్దాలలో ‘అపరాధ పరిశోధక నవల’ అన్న పేరు ప్రచారంలో ఉండేది. దేవరాజు వెంకటకృష్ణారావు ‘వాడే వీడు’, బరంపురం కేంద్రంగా వెలువడిన వేగుచుక్క గ్రంథమాల ఆ దశకు గుర్తులు. ఆ తరువాత, ముఖ్యంగా 1950ల నుంచి, ‘డిటెక్టివ్ నవల’ అన్న పేరు స్థిరపడింది. మొదటి పేరు చేసే పనిని చెబుతుంది. రెండవ పేరు ఆ పని చేసే మనిషిని చెబుతుంది. పాఠకుని ఆసక్తి అపరాధం నుంచి పరిశోధకుని వ్యక్తిత్వం వైపు మళ్లిన చరిత్ర ఈ పేరు మార్పులో కనిపిస్తుంది.

ఇదే సమస్య ఇతర భాషలలోనూ ఉంది. శరదిందు బంద్యోపాధ్యాయ 1932లో పరిచయం చేసిన బ్యోమకేశ్ బక్షీ తనను డిటెక్టివ్ అనడాన్ని ఇష్టపడక ‘సత్యాన్వేషి’ అని చెప్పుకుంటాడు. ఉర్దూలో ఇబ్నె సఫీ 1952లో ప్రారంభించిన ‘జాసూసీ దునియా’లో ‘జాసూస్’ అన్న మాటకు గూఢచారి అన్న అర్థచ్ఛాయ కూడా ఉంది. హైదరాబాదు వంటి ద్విభాషా నగరంలో తెలుగు డిటెక్టివ్ నవలను ఉర్దూ జాసూసీ నవలతో పోల్చి చదవడం ఇంకా తగినంతగా జరగలేదు.

3. పునఃపఠన యోగ్యత:

మొదటి అభ్యంతరానికి జవాబు ప్రక్రియ నిర్మాణంలోనే ఉంది. డిటెక్టివ్ నవలలో రెండు కథలు ఉంటాయని తొదొరోవ్ 1966లో వివరించాడు. ఒకటి జరిగిపోయిన నేరం కథ, రెండవది జరుగుతున్న పరిశోధన కథ. మొదటిసారి చదివేటప్పుడు పాఠకుడు రెండవ కథ వెంట నడుస్తాడు. రెండవసారి చదివేటప్పుడు మాత్రమే మొదటి కథ ప్రతి పుటలోనూ ఎలా దాగి ఉన్నదో గమనించగలుగుతాడు. కనుక మంచి డిటెక్టివ్ నవలను ఒక్కసారి చదివినవారు సగమే చదివినట్లు.

మన అలంకారశాస్త్రం ఈ విషయాన్ని మరింత సూక్ష్మంగా చూడడానికి తోడ్పడుతుంది. ఆనందవర్ధనుడు అవివక్షితవాచ్యధ్వనిని అర్థాంతరసంక్రమితవాచ్యం, అత్యంతతిరస్కృతవాచ్యం అని రెండు విధాలుగా విభజించాడు. అగాథా క్రిస్టీ 1926లో ప్రచురించిన ‘ది మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్రాయ్డ్’ను రెండవసారి చదివినప్పుడు, మొదట సాధారణంగా తోచిన కొన్ని వాక్యాలు అబద్ధాలు కాకుండానే వేరొక అర్థంలోకి సంక్రమిస్తాయి. ఇది మొదటి భేదాన్ని తలపిస్తుంది. అయితే ఈ పోలికకు ఒక హద్దు ఉంది. కావ్యంలో వాచ్యార్థం పొసగకపోవడం సహృదయునికి అక్కడికక్కడే తెలుస్తుంది, ఆ పొసగకపోవడమే అతణ్ణి వ్యంగ్యార్థం వైపు నడిపిస్తుంది. డిటెక్టివ్ నవలలో వాచ్యార్థం చక్కగా పొసిగినట్లే ఉంటుంది, ఆ పొసగడమే మోసం. అర్థబాధ చివరి అధ్యాయం దాకా వాయిదా పడుతుంది. ఆ నవల చదవనివారి సౌకర్యం కోసం దాని ముగింపును ఈ వ్యాసంలో వెల్లడించడం లేదు.

బృందపఠనానికి మన సంప్రదాయంలోనే ఒక నమూనా ఉంది. బేతాళకథలో కథ ముగియగానే ప్రశ్న వస్తుంది. జవాబు తెలిసి చెప్పకుండా ఉండే వీలు రాజుకు లేదు. జవాబు చెప్పినంతమాత్రాన పని పూర్తికాదు, శవం మళ్లీ చెట్టెక్కుతుంది, రాజు మళ్లీ చెట్టు దగ్గరకు వెళ్లవలసిందే. మా బృందం ఈ పద్ధతినే అనుసరించింది. ప్రతి నవలనూ ఒక ఘట్టం దగ్గర ఆపి, ఎవరిమీద అనుమానమో, ఏ ఆధారంతోనో ఒక చీటీలో పేరు లేకుండా రాయాలి. పుస్తకం పూర్తయ్యాక ఆ చీటీలను చదివి, మళ్లీ మొదటికి వెళ్లాలి.

4. మూన్‌స్టోన్ చదివిన నెల:

విల్కీ కాలిన్స్ ‘ది మూన్‌స్టోన్’ 1868లో డికెన్స్ నడిపిన వారపత్రికలో ధారావాహికంగా వచ్చింది. కథకు మూలం 1799లో శ్రీరంగపట్టణం పతనమైనప్పుడు ఒక ఆంగ్ల సైనికాధికారి దోచుకున్న వజ్రం. ఆ యుద్ధంలో నిజాం సైన్యం ఆంగ్లేయుల పక్షాన పాల్గొన్నది. కనుక హైదరాబాదు పాఠకుడు ఈ కథను పరాయి దేశపు కథగా చదవలేడు. వజ్రం ఇంగ్లండులోని ఒక భవంతిలో మాయం కావడం నేరమా, శ్రీరంగపట్టణంలో దోపిడీకి గురికావడం నేరమా అన్న ప్రశ్న నవల మొదటి పుటల నుంచే మొదలవుతుంది.

నవల ఆంగ్లంలో దీర్ఘమైనది. ఆంగ్లం సులభంగా చదవలేని సభ్యుల కోసం ముఖ్యఘట్టాలను సమావేశంలో తెలుగులో వివరించుకున్నాం. వజ్రం మాయమై, పోలీసులు పనివాళ్ల గదులు సోదా చేసే ఘట్టం దగ్గర ఆపి చీటీలు రాశాం. ఆ ఇంట్లో రొజానా స్పియర్‌మన్ అనే పనిపిల్ల ఉంది. ఆమె గతంలో దొంగతనానికి శిక్ష అనుభవించింది. వజ్రం కోసం వచ్చిన ముగ్గురు భారతీయులు కూడా ఆ పరిసరాలలో తిరుగుతున్నారు. చీటీలు విప్పి చూస్తే ఎక్కువమంది రొజానా పేరు రాశారు. కొందరు ఆ ముగ్గురు భారతీయులను అనుమానించారు. ఆధారం అన్నచోట చాలామంది రాసినది ఒక్కటే, ఆమె పాత దొంగ అని. ఈ వ్యాసకర్త చీటీ కూడా అందులో ఒకటి.

ఒక చీటీ మాత్రం ఖాళీగా ఉంది. అది రాయకుండా వదిలినవారు ఒక పరిశ్రమలో చాలా ఏళ్లు రాత్రి కాపలా ఉద్యోగం చేసి విరమించిన పెద్దాయన. కారణం అడిగితే ఆయన చెప్పిన మాట ఇది: “కంపెనీల ఏది పోయినా ముందుగాల గేటుకాడ మమ్ములనే నిలబెడుతుండిరి సార్. పుస్తకంల గూడ మీరు గదే చేసిన్రు.”

ఆ తరువాత కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. మా చీటీలలో ఉన్నది పరిశోధన కాదు, అలవాటు. మా అపార్టుమెంట్లలో ఏదైనా వస్తువు కనబడకపోతే వాచ్‌మన్‌ను, పనిమనిషిని మొదట అడిగే అలవాటే మా పఠనంలోకీ వచ్చింది. ఇది సర్వే కాదు, కొద్దిమంది పాఠకుల అనుభవం మాత్రమే. దీనినుంచి పాఠకలోకం గురించి సూత్రీకరణలు చేయడం తగదు. కానీ ఎంపిక ప్రమాణం గురించి మేము వెతుకుతున్న జవాబు ఇక్కడే దొరికింది.

5. అనుమానానికి ఉన్న చరిత్ర:

అనుమానం వ్యక్తి మనసులో పుట్టినట్లు కనిపించినా దానికి సామాజిక చరిత్ర ఉంది. మూన్‌స్టోన్ వెలువడిన మూడేళ్లకు, 1871లో, బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థజాతుల చట్టం తెచ్చింది. కొన్ని సమూహాలలో పుట్టడమే నేరానికి ఆధారమని ఆ చట్టం భావించింది. తెలుగునేలపై స్టూవర్టుపురం సెటిల్‌మెంట్ ఆ ఆలోచనకు నిలువెత్తు రూపం. చట్టం 1952లో రద్దయినా అనుమానించే అలవాటు రద్దు కాలేదు. ఈ నేపథ్యంలో, డిటెక్టివ్ నవల తన పాఠకుని ఎవరిని అనుమానించమని ప్రేరేపిస్తుంది, ఆ ప్రేరణను చివరికి ఏం చేస్తుంది అన్నది కేవలం శిల్పప్రశ్న కాదు.

ఈ ప్రక్రియను సాధన చేసినవారికి కూడా ఈ విషయం తెలుసు. రొనాల్డ్ నాక్స్ 1929లో డిటెక్టివ్ కథకు పది నియమాలు రాశాడు. పరిశోధకునికి దొరికిన ఆధారాలను పాఠకునికి వెంటనే చూపాలి, పరిశోధకుడే నేరస్థుడు కారాదు వంటివి వాటిలో ఉన్నాయి. చైనా దేశీయుని కథలోకి తేరాదన్న నియమం కూడా ఒకటి ఉంది. పైకి వింతగా కనిపించినా, విదేశీయుని సులభమైన దుష్టపాత్రగా వాడుకునే నాటి చౌకబారు రచనలపై ఎగతాళిగా దాన్ని అర్థం చేసుకోవాలి. పరాయివాడిని చూపి భయపెట్టడం పరిశోధన కాదని నాక్స్ గుర్తించాడు. అయితే పరాయివాడిని తొలగించడం పరిష్కారమా, అతణ్ణి మనిషిగా చిత్రించడం పరిష్కారమా అన్న ప్రశ్నను ఆ నియమం దాటవేసింది.

కాలిన్స్ నవల ఈ పరీక్షలో పూర్తిగా గెలిచిందని చెప్పలేం. రొజానాను అనుమానించినవారు సిగ్గుపడేటట్లు అది చేస్తుంది, ఆమె మనసును ఆమె మాటల్లోనే వినిపిస్తుంది. భారతీయుల విషయంలో మాత్రం దూరం నుంచి చూసే దృష్టినే చాలావరకు నిలుపుకుంటుంది. అయినప్పటికీ పాఠకుని అనుమానాన్ని అతని ముందే నిలబెట్టి విచారించడం ఈ నవల బలం. ఒక డిటెక్టివ్ నవలను క్లాసిక్ అనడానికి ఇదే ప్రధాన ప్రమాణం కావాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

6. తెలుగు నవల స్థానం:

తెలుగులో ఉన్నవి అనుకరణలే అన్న రెండవ అభ్యంతరాన్ని ఇప్పుడు పరిశీలించవచ్చు. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, అతని అసిస్టెంట్ రాజు ఆంగ్ల నమూనాలోని జంటను గుర్తుచేస్తారన్నది నిజమే. కానీ యుగంధర్ అన్న పేరు తెలుగు పాఠకునికి వేదం వేంకటరాయశాస్త్రి ‘ప్రతాపరుద్రీయం’లోని మంత్రి యుగంధరుని స్ఫురింపజేస్తుంది. బందీ అయిన రాజును విడిపించడానికి పిచ్చివాని వేషం వేసుకున్న మంత్రి అతడు. మారువేషం, బుద్ధిబలం, ప్రభుభక్తి కలిసిన ఆ పేరు ఒక నగర డిటెక్టివ్‌కు వచ్చేసరికి ప్రభుభక్తి పోయి, ఫీజు తీసుకుని పనిచేసే వృత్తిధర్మం మిగిలింది. మర్యాద రామన్న కథలలో న్యాయం చెప్పే అధికారం పరిశోధకునికే ఉండేది. యుగంధర్ నిజాన్ని కనిపెట్టి, శిక్షించే పనిని పోలీసులకు, కోర్టులకు వదిలివేస్తాడు. ఈ మార్పులను అనుకరణ అన్న ఒక్క మాటతో తేల్చివేయలేం.

రెండవ సాక్ష్యం ఆరుద్ర. ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ రాసిన చరిత్రకారుడు, ‘త్వమేవాహం’ రాసిన కవి ‘పలకల వెండి గ్లాసు’ వంటి అపరాధ పరిశోధన రచన కూడా చేశాడు. గళ్లనుడికట్టు మీద, చదరంగం మీద ఆసక్తి ఉన్న ఆరుద్రకు ఈ ప్రక్రియ సహజంగానే సరిపడింది. ఆయన కవిత్వంపై, సాహిత్యచరిత్రపై జరిగినంత చర్చ ఆయన డిటెక్టివ్ రచనలపై జరగకపోవడానికి కారణం రచనల నాణ్యత కాదు, మన వర్గీకరణ.

మధుబాబు ‘షాడో’ నవలల ఆదరణ తక్కువది కాదు. కానీ అవి గూఢచారి సాహసగాథలు. వాటిలో ప్రశ్న ‘ఎవరు చేశారు’ అన్నది కాదు, ‘ఎలా తప్పించుకుంటాడు’ అన్నది. అందువల్ల ప్రస్తుత ఎంపిక పరిధిలోకి అవి రావు. మల్లాది వెంకటకృష్ణమూర్తి ‘చంటబ్బాయ్’ వేరే సంగతి. 1986లో జంధ్యాల దర్శకత్వంలో సినిమాగా వచ్చిన ఈ నవల డిటెక్టివ్‌ను హాస్యపాత్రగా మలచింది. ఒక ప్రక్రియ లక్షణాలు పాఠకులకు కంఠతా వచ్చాకే దాని పేరడీ రుచిస్తుంది. తెలుగులో డిటెక్టివ్ నవల వేళ్లూనుకున్నదనడానికి ఈ నవల పరోక్ష సాక్ష్యం.

మరొక విషయం గమనించదగినది. రచయిత్రులు తెలుగు నవలను ఏలిన 1960, 70 దశకాలలో కూడా డిటెక్టివ్ నవల ప్రధానంగా పురుషుల చేతిలోనే ఉండిపోయింది. ఇంటిలోని నిశ్శబ్దాలను, చూపులను అంత నిశితంగా చదవగల రచయిత్రులు ఈ ప్రక్రియకు ఎందుకు దూరమయ్యారు అన్నది ప్రత్యేక పరిశోధనకు తగిన అంశం.

7. లభ్యత, హక్కులు:

ఎంపికకు సాహిత్య ప్రమాణాలు మాత్రమే చాలవు. బృందానికి సరిపడా ప్రతులు దొరకాలి. పాత తెలుగు డిటెక్టివ్ నవలలు చౌక కాగితంపై, చిన్న సైజులో అచ్చయి, అద్దె పుస్తకాల దుకాణాలలో చేతులు మారి చిరిగిపోయాయి. వీటిని సేకరించడం కళాశాల గ్రంథాలయాలు తమ బాధ్యతగా భావించలేదు. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ పుస్తకాల మధ్య ఒక ప్రతి దొరకవచ్చు, పది ప్రతులు దొరకవు. స్కాన్ చేసిన ప్రతిని బృందమంతా పంచుకోవడం సులభమే కానీ మన చట్టం ప్రకారం రచయిత మరణించిన తరువాత 60 ఏళ్లపాటు హక్కులు ఉంటాయి. కాలిన్స్ 1889లో మరణించాడు కనుక ఇబ్బంది లేదు. శరదిందు మూలరచనలపై హక్కులు 2030 చివరి వరకు, క్రిస్టీవి 2036 వరకు, ఆరుద్రవి 2058 వరకు ఉంటాయి. అందువల్ల పునర్ముద్రణలు కొనడం, లేదా ఒకే ప్రతిని సమావేశంలో బిగ్గరగా చదవడం మేలైన మార్గాలు. మేము తెలుగు రచనలకు రెండవ మార్గాన్ని ఎంచుకున్నాం. ఒకరు చదువుతూ ఉంటే మిగిలినవారు పుట తిప్పి ముందుకు చూసే అవకాశం లేదు. డిటెక్టివ్ నవలకు ఇది అనుకోకుండా కలిసివచ్చిన నియమం.

8. ప్రతిపాదిత క్రమం:

పై ప్రమాణాల ఆధారంగా ఆరు నెలలకు ఈ క్రమాన్ని సూచించవచ్చు.

మొదటి నెల కాలిన్స్ ‘ది మూన్‌స్టోన్’. పాఠకులు తమ అనుమానాన్ని తాము చూసుకోవడానికి ఇది తగిన ఆరంభం.

రెండవ నెల కొమ్మూరి ‘చీకటికి వేయికళ్ళు’. తెలుగు నవలను చివరన ఉంచితే అది అనుబంధంగా మిగిలిపోతుంది. ఆంగ్లనవల ముద్ర ఇంకా ఆరకముందే చదివితే పోలికలు, భేదాలు రెండూ స్పష్టమవుతాయి.

మూడవ నెల క్రిస్టీ ‘రోజర్ ఆక్రాయ్డ్’. అందరికీ అందరూ తెలిసిన పల్లె ఇందులో ఉంది. ఊరి వార్తలన్నీ ఇంట్లో కూర్చునే సేకరించే డాక్టరు సోదరి కారొలైన్ పాత్ర మా కాలనీల సాయంకాలపు మాటలను గుర్తుచేయక మానదు.

నాలుగవ నెల శరదిందు ‘చిడియాఖానా’. 1967లో సత్యజిత్ రాయ్ దీన్ని సినిమాగా తీశారు. విశ్రాంత న్యాయమూర్తి ఒకరు కలకత్తా శివారులో ఒక కాలనీ ఏర్పరచి, సమాజం వెలివేసినవారికి అక్కడ చోటిస్తాడు. అక్కడున్న ప్రతివారికీ ఏదో ఒక గతం ఉంది. గతం ఉండటమే ఆధారం అవుతుందా అన్న మొదటి నెల ప్రశ్న ఇక్కడ కాలనీ మొత్తానికి విస్తరిస్తుంది. నగరపు అంచున, ఒకరికొకరు తెలియని మనుషుల మధ్య జరిగే ఈ కథ ఉప్పల్, నాచారం పాఠకులకు దగ్గరగా ఉంటుంది.

ఐదవ నెల ఆరుద్ర ‘పలకల వెండి గ్లాసు’. చిన్న రచన కనుక ఒకే సమావేశంలో రెండుసార్లు చదివే అవకాశం ఉంది.

ఆరవ నెల ఆంథొనీ బర్క్‌లీ ‘ది పాయిజన్డ్ చాక్లెట్స్ కేస్’. 1929లో వచ్చిన ఈ నవలలో ఒక బృందంలోని ఆరుగురు సభ్యులు ఒకే హత్యకు వేర్వేరు పరిష్కారాలు చెబుతారు. వినడానికి ప్రతి పరిష్కారమూ బాగానే ఉంటుంది. తర్కం ఎంత అందంగా ఉన్నా తప్పు కావచ్చునని తెలుసుకుని పఠనాన్ని ముగించడం సముచితం.

9. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన విషయాలు ఇవి. డిటెక్టివ్ నవల ఒక్కసారితో అయిపోయేది కాదు, దాని నిర్మాణమే రెండవ పఠనాన్ని కోరుతుంది. తెలుగు డిటెక్టివ్ నవల విలువను నిర్ణయించే ముందు దాన్ని సేకరించి, చదవవలసిన బాధ్యత విశ్వవిద్యాలయాలపై ఉంది. చదవకుండా అనుకరణ అని తీర్పు చెప్పడం, ఆధారం లేకుండా రొజానా పేరు రాయడంవంటిదే. ఇక నేరాల కథలను నలుగురు కూర్చుని చర్చించడంవల్ల ప్రయోజనం ఏమిటన్న మూడవ అభ్యంతరానికి జవాబు మా చీటీలలోనే ఉంది. ఒంటరిగా చదివి ఉంటే ఎవరి అనుమానం వారితోనే ఉండిపోయేది. అది న్యాయమైనదేనన్న నమ్మకమూ అలాగే ఉండిపోయేది. పక్కన కూర్చున్న మనిషి ఆ అనుమానానికి ఒకప్పుడు గురైనవాడు కావడంవల్లనే మేము మా పఠనాన్ని సరిదిద్దుకోగలిగాం.

రెండవ నెల నుంచి చీటీలో ఒక మార్పు చేశాం. పేరు కంటే ముందు ఆధారం రాయాలి. ఆధారం లేకపోతే చీటీని ఖాళీగానే ఇవ్వాలి. ఆ నెల ఖాళీ చీటీలు ఎక్కువగా వచ్చాయి.